బాటలేని నేలపై బండి నడుపుట: రుసుము చెల్లించి నేర్వదగినదేనా?

ఈ నడుమ మన యువకులలో కొందరికొక క్రొత్త కోరిక పుట్టినది. నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు జీపువంటి బండ్లను కొండవాలులందు, ఇసుకయందు, బురదయందు, రాళ్ళయందు నడుపుట నేర్పెడు తరగతులు దేశమున అక్కడక్కడ వెలసినవి. వీనిని ఆఫ్‌రోడ్ తరగతులందురు. ఒకటి రెండు దినముల బోధనకు వేలకొలది రూపాయలు రుసుముగా గైకొందురు. రాకపోకల ఖర్చు, బస ఖర్చు, బండి అరుగుదల వేరు. ఈ సొమ్ము పెట్టవచ్చునా, కూడదా యని ఇండ్లలో వాదములు జరుగుచున్నవి. కుమారుడు నేర్చి తీరవలెననును. తండ్రి, ‘మన తాతలు ఎడ్లబండి తోలుట ఏ బడిలో నేర్చిరి?’ అనును. తల్లి ఇద్దరి మాటలును విని, బండి యింటికి చేరుదాక నిద్రపోదు.

ఈ వాదమును యువకుల వేడుక యని త్రోసివేయుట తగదని మేము తలచుచున్నాము. ఇందు ధనముతోపాటు ప్రాణము కూడ ముడిపడియున్నది. కావున ఇరుపక్షముల మాటలను తూచి, మా అభిప్రాయమును పాఠకుల ముందుంచుచున్నాము.

మొదట మన నేలను జూతము. పళ్ళిపట్టు నుండి పొదటూరుపేటకును, రామకృష్ణరాజుపేటకును, తిరుత్తణికిని తారుబాటలున్నవి. ఎడారులుగాని, మంచుకొండలుగాని మనకు లేవు. అయినను తారుబాట దిగిన మరుక్షణముననే మనకు వేఱొక లోకమెదురగును. చెరకు తోటనుండి బరువుతో బయటికి రావలసిన ట్రాక్టరు, మామిడితోపులోనికి పోవలసిన చిన్న సరకుబండి, నగరి కొండల పాదమున నున్న పల్లెకు అర్ధరాత్రి పోవలసిన వ్యాను, వానకాలమున ఏటికడ్డముగా నున్న కాజ్‌వే: ఇవి మనవారి నిత్యజీవితములోనివి. తిరువాలంగాడు చక్కెర మిల్లుకు చెరకు తోలిన ప్రతి రైతును పొలపు గట్టు దాటుటలోని కష్టమెరుగును. కనుక ‘బాటలేని నేల’ యనునది ధనికుల వినోదభూమి మాత్రమేయని తీర్మానించుట సరికాదు.

ఈ విద్య పుట్టుక కూడ వినోదముకొరకు గాదు. 1941లో అమెరికా సైన్యమునకై జీపు రూపొందినది. బురదలో, ఇసుకలో, గుంటలలో పోగలిగిన ఆ చిన్నబండిని నడుపుట సైనికులకు ప్రత్యేకముగ నేర్పవలసివచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన తొలి యేండ్లలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను మన దేశమున కూర్చుట ప్రారంభించిరి. పిమ్మట తహసీల్దారు మొదలు మలేరియా ఉద్యోగివరకు ఎందరో ఆ జీపులలో పల్లెలు తిరిగిరి. 1985లో మారుతి జిప్సీ వచ్చినది. 2010లో థార్ వచ్చెను. 2020లో దాని రెండవ రూపము వెలువడినది. నాడు ప్రభుత్వ కార్యాలయము ముంగిట నిలిచిన బండి నేడు అప్పుతో కొన్న యింటి ముంగిట నిలుచుచున్నది. అమ్మినవారే నేర్పుటకును పూనుకొనిరి. మహారాష్ట్రమునందలి ఇగత్‌పురిలో మహీంద్రా వారు ఇట్టి శిక్షణకేంద్రమును నెలకొల్పిరి.

ఇట్టి తరగతులలో నిజముగా నేర్పునదేమి? మంచి బోధకుడైనచో నేర్పు సంగతులు కొన్ని కలవు. నిటారు దిగుడున బ్రేకును నొక్కిపట్టక, క్లచ్చిని తొక్కక, తక్కువ గేరులో ఇంజను పట్టుమీదనే బండిని దింపవలెను. ఎక్కుడున బండి ఆగిపోయినచో ప్రక్కకు త్రిప్పరాదు. వచ్చిన దారినే తిన్నగా వెనుకకు దిగవలెను. వాలుమీద అడ్డముగా తిరిగిన బండి దొర్లును. ఇసుకలో టైర్ల గాలిని కొంత తగ్గించినచో టైరు నేలపై వెడల్పుగా పఱచుకొని దిగబడదు. తారుబాట నెక్కకముందే ఆ గాలిని తిరిగి నింపవలెను. స్టీరింగు పట్టునపుడు బొటనవ్రేలు చక్రము లోపల పెట్టరాదు. రాయి తగిలి చక్రము గిర్రున తిరిగినచో వ్రేలు విరుగును. దిగబడిన బండిని లాగునపుడు త్రాడును గట్టి కొక్కెమునకే తగిలింపవలెను. త్రాడు తెగినను, కొక్కెము ఊడినను అది తుపాకి గుండువలె వచ్చును గనుక చుట్టుప్రక్కల నెవ్వరును నిలువరాదు.

ఈ సంగతులు విలువలేనివని మేమనము. ఇవి తెలియక బండ్లు పాడుచేసికొన్నవారు, ఎముకలు విరుగగొట్టుకొన్నవారు అంతటను కలరు. ‘మన తాతలు ఏ బడిలో నేర్చిరి?’ అను తండ్రి ప్రశ్నకు మా సమాధానమిది: వారు తమ తండ్రుల ప్రక్కన కూర్చుండి పదేండ్లు నేర్చిరి. ఎద్దుకు భయము కలదు. లోతు కనిపించినచో అది అడుగు వేయదు. ఇంజనుకు ఆ భయము లేదు. ఎద్దు పడు భయమును గూడ ఇప్పుడు మనిషియే పడవలెను.

ఇచ్చట మన ప్రాంతపు ముఖ్యమైన అపాయమును జెప్పవలసియున్నది. 1960 ఏప్రిల్ 1వ తేదీన, పటాస్కర్ సూచనల ననుసరించి, చిత్తూరు జిల్లానుండి తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతములు నాటి మద్రాసు రాష్ట్రమున కలిసినవి. సరిహద్దు మారెను గాని కుశస్థలి పారు దారి మారలేదు. ఎగువన కార్వేటినగరపు సీమలో కృష్ణాపురము జలాశయపు గేట్లు తెరచిన నీరు మన ఊళ్ళమీదుగ సాగి, పూండి జలాశయమును జేరి, తుదకు ఎన్నూరువద్ద సముద్రమున గలియును. కావున ఇచ్చట ఆకాశము తేటగా నున్నను ఏరు పొంగవచ్చును. 2021 నవంబరు వానలలో కుశస్థలి పొంగినపుడు మన ప్రాంతపు కాజ్‌వేలు మునిగినవి. మన తమిళ సోదరులు తరైపాలమని పిలుచు ఈ నేలమట్టపు వంతెనలపై నీరు పారునపుడు, ఆవలి యొడ్డున బడియో, ఆసుపత్రియో, సంతయో, పెండ్లియో ఉండును. అప్పుడు ‘నాలుగు చక్రముల బలమున్నది, నేను నేర్చినవాడను, దాటెదను’ అను మాట పుట్టును. మా భయమంతయు ఆ మాటనుగూర్చియే.

లెక్క వేసి చూతము. ఒక చిన్న కారు అడుగుభాగము సుమారు మూడున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు అనుకొందము. నీరు ఆ అడుగును దాటి పది సెంటీమీటర్లు లేచినచో అది తొలగించు నీటి బరువు అయిదువందల కిలోగ్రాములకు పైమాట. అంత బరువును నీరు పైకెత్తుచున్నదన్నమాట. తొమ్మిదివందల కిలోగ్రాముల కారు అడుగుమీద పదిహేడు సెంటీమీటర్ల నీరు చేరగనే తేలుటకు సిద్ధమగును. కారు అడుగు నేలకు అంతే ఎత్తున నుండునుగనుక, మొత్తము లోతు ఒక అడుగు కంటె కొంచెమే యెక్కువ. పెద్దబండియైనచో రెండడుగుల పారునీరు చాలును. తేలిన బండికి నాలుగు చక్రముల బలమున్నను ఒకటే, లేకున్నను ఒకటే. చక్రము నేలను పట్టిననే గదా బలము పనిచేయుట! ప్రవాహపు వేగము రెండింతలైనచో దాని త్రోపు నాలుగింతలగును. థార్ బండి 650 మిల్లీమీటర్ల నీటిని దాటగలదని తయారుచేసినవారు చెప్పుదురు. ఆ కొలత నిలువనీటికి నమ్మదగినదేమో గాని, ఎఱ్ఱనీరు ఉఱుకుచున్న కాజ్‌వేకు గాదు. పైగా ఆ నీటిక్రింద వంతెన అంచు కనబడదు. వంతెనయే కోసుకొనిపోయి యుండవచ్చును.

బరువైన వాహనమును నమ్ముకొనుటయు తగదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య జలాశయపు కట్ట తెగి చెయ్యేరు పొంగినపుడు ఆర్టీసీ బస్సులే నీటిలో చిక్కుకొన్నవి. ప్రయాణికులు ప్రాణములు కోల్పోయిరి. బస్సునకు లేని రక్ష జీపునకు ఎక్కడిది?

ధననష్టమును జెప్పుకొందము. ఇంజను గాలి పీల్చు గొట్టములోనికి నీరు చేరినచో నీరు అణగదు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగును. అట్టి సమయమున తాళపుచెవి త్రిప్పి మరల ఇంజనును నడుపజూచినచో నష్టము పెరుగును. సామాన్య బీమా పత్రములలో ఇట్టి ఇంజను నష్టమునకు, ప్రత్యేకముగ అదనపు రక్షణ కొన్ననేగాని, పరిహారము దొరకుట దుర్లభము. పందెములకును వేగపరీక్షలకును బీమా వర్తింపదను నిబంధన యుండనే యున్నది. ఆఫ్‌రోడ్ కార్యక్రమమునకు బండిని తీసికొనిపోవువారు ముందుగ బీమా పత్రమును చదువుకొనుట మేలు.

ఇక శిక్షణ పొందినవాడు పొందనివానికంటె తప్పక క్షేమముగ నుండునా? ఈ ప్రశ్నకు లోకానుభవము చెప్పు సమాధానము వింతగా నున్నది. 1979లో నార్వే దేశమున క్రొత్త డ్రైవర్లకు జారుడుబాటపై బండిని అదుపుచేయు శిక్షణను పెట్టిరి. పిమ్మట పరిశీలింపగా యువకులలో జారుడుబాట ప్రమాదములు తగ్గకపోగా పెరిగినవని తేలినది. జారుడును జయించితిమను నమ్మకముతో వారు వేగము పెంచిరి. 2003లో కాక్రేన్ వారు, లైసెన్సు పొందినపిమ్మట ఇచ్చు డ్రైవింగు బోధనలపై జరిగిన 24 పరీక్షలను ఒకచోట చేర్చి చూచి, వానివలన ప్రమాదములు తగ్గినవనుటకు ఆధారము కనబడలేదనిరి. నేర్పు పెరిగిన కొలది జాగ్రత్త తరిగినచో లెక్క సరికి సరి యగును. ఒక్కొక్కపుడు నష్టమే మిగులును. అందువలన, ‘ఎట్లు దాటవలెను’ అని మాత్రమే నేర్పు తరగతికంటె ‘ఎప్పుడు దాటరాదు’ అని నేర్పు తరగతి వేయిరెట్లు మేలని మేము గట్టిగ నమ్ముచున్నాము.

ఇంకొక నిజమును మరువరాదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. తమిళనాడున 17,884 మంది. దేశమునందలి ఆ మరణములలో నూటికి డెబ్బదికి పైగా అతివేగమువలన కలిగినవని ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. బురదలోను రాళ్ళలోను గడియకొక గజము ప్రాకు బండికి అతివేగమెక్కడిది? మన బిడ్డలను పొట్టన బెట్టుకొనుచున్నది కొండబాట కాదు, నున్నని తారుబాటయే. కావున మంచిబాటపై మర్యాదగా నడుపుట ఇంకను రానివాడు బాటలేని చోట నడుపుట నేర్చుటకు సొమ్ము పెట్టినచో, అది పంచె లేనివాడు తలపాగా కొన్నట్లుండును.

మరి ఈ రుసుము ఎవరికి తగును? మా దృష్టిలో మూడు తెగలవారు కలరు.

మొదటి తెగ, వినోదమునకై నేర్వగోరువారు. వీరు తమ స్వార్జితముతో, ఇంటి అక్కరలు తీరినపిమ్మట, వేడుకకై సొమ్ము వెచ్చించినచో మేము అడ్డు చెప్పము. సినిమాకును తీర్థయాత్రకును ఖర్చుచేయుట లేదా? అయితే మగ్గముమీద కుటుంబము నడుచు ఇంటిలో, నూలు బాకీ తీరక మునుపు, కుమారుని వేడుకకై అప్పుచేయుట తగదు. దానిని ‘భద్రతకై ఖర్చు’ అని పేరుపెట్టి తల్లిదండ్రులను ఒప్పించుట అంతకంటె తగదు.

రెండవ తెగ, బండిమీదనే బ్రదుకువారు. ట్రాక్టరు, టిప్పరు, అంబులెన్సు, బడిపిల్లల వ్యాను నడుపువారు. వీరికి శిక్షణ తప్పక కావలెను. కాని వీరికి కావలసినది విహారపు తరగతి కాదు, వృత్తి శిక్షణ. కేంద్రప్రభుత్వము 2021 జూలై 1 నుండి అమలుపరచిన నియమముల ప్రకారము గుర్తింపు పొందిన డ్రైవింగు కేంద్రములలో తేలికబండికి నాలుగు వారములలో 29 గంటలు, భారీబండికి ఆరు వారములలో 38 గంటలు బోధన జరుగవలెను. తేలికబండి బోధనలో పల్లెబాట, ఎక్కుడు దిగుడు కూడ చేరియున్నవి. మన తిరువళ్ళూరు జిల్లాలోనే గుమ్మిడిపూండియందు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ వారి భారీవాహన డ్రైవర్ల శిక్షణ విభాగము కలదు. ఇట్టి చోట పెట్టిన రూపాయి జీతమై తిరిగివచ్చును. రెండు దినముల పత్రము గోడకు తగిలించుటకే పనికివచ్చును.

మూడవ తెగ, రైతు కుటుంబములు. నిజముగా మనలో అందరికంటె ఎక్కువ కాలము బాటలేని నేలపై నడుపువారు వీరే. వీరిని ఏ తరగతివారును పిలువరు. ట్రాక్టరు వెనుక చక్రములు బురదలో కూరుకొన్నపుడు ముందుకు బలవంతముగా నడిపినచో, తిరుగలేని చక్రముమీద ఇంజను బలము బండినే ఎత్తును. ముందుభాగము లేచి రెండు సెకన్లు గడువకమునుపే వెనుకకు తిరుగబడును. చక్రముల ముందు దుంగ వేసి ఎక్కింపజూచుట ఇంకను అపాయము. వెనుకకు తీయుటయో, ఇంకొక ట్రాక్టరుతో లాగించుటయో మేలు. లాగు గొలుసును వెనుకనున్న డ్రాబారుకే తగిలింపవలెను. అంతకంటె ఎత్తున తగిలించుట ప్రాణాంతకము. పొలములో మలుపుకొరకు ఎడమ కుడి బ్రేకులను విడివిడిగా వాడుదుము. బాట నెక్కకముందు ఆ రెంటిని కలిపి బిగింపవలెను. లేనిచో వేగములో ఒక ప్రక్క బ్రేకు మాత్రమే పడి బండి తిరుగబడును. ఇవి తెలియుటకు ఇగత్‌పురి పోనక్కరలేదు. అనుభవమున్న రైతు ఒక పూట చెప్పినచో చాలును. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవానిచేత ట్రాక్టరును బాటమీద నడిపించు తండ్రికి 2019 నాటి చట్టసవరణ ప్రకారము మూడేండ్లవరకు జైలును, ఇరువదియైదువేల రూపాయల జరిమానాయు కలవని కూడ అచ్చటనే చెప్పవలెను.

ఇంత చెప్పినను చేరదలచినవారు చేరుదురు. వారికి మా సలహా యిది. రుసుము కట్టకముందు నాలుగు ప్రశ్నలడుగుడు. రోజంతటిలో నేను స్వయముగ స్టీరింగు పట్టు సమయమెంత? బండి ఎవరిది, చెడినచో ఎవరు భరింతురు? గాయపడినచో ప్రథమచికిత్సకు, ఆసుపత్రికి ఏర్పాటేమి? ప్రవాహపు నీటినిగూర్చి మీరేమి నేర్పుదురు? ఈ చివరి ప్రశ్నకు ‘దాటుట నేర్పుదుము’ అని మాత్రమే జవాబు వచ్చినచో సొమ్మును జేబులోనే యుంచుకొని యింటికి రండు. ‘వెనుకకు తిరుగుట నేర్పుదుము’ అన్నచో ఆ బోధకుడు గురువనదగినవాడు.

మరియొక మాట. అపాయసమయమున మనిషికి తోచునది తల్లిభాష. మనవారు బజారులో తమిళమును, కాగితములలో ఇంగ్లీషును చక్కగనే వాడుచున్నారు. దానికి మాకు సంతోషమే. కాని ఏబదియేండ్ల ట్రాక్టరు రైతుకు, ‘గొలుసు పైన తగిలింపకు, బండి తిరుగబడును’ అని తెలుగున చెప్పినచో మనసున నాటినట్లు ఇతరభాషలో నాటదు. భాషాసంఘమునకు ఉగాది సభయు, పద్యపఠనమును మాత్రమే పనులు కావు. ప్రాణము నిలుపు మాటను మనభాషలో చెప్పుటయు భాషాసేవయే.

కావున మన సంఘము చేయదగిన పనులు రెండు తోచుచున్నవి. ఈశాన్య ఋతుపవనము రాకమునుపే, బీడుపొలమొకటి చూచి, అనుభవమున్న ట్రాక్టరు రైతులను, విశ్రాంతి పొందిన బస్సు డ్రైవర్లను పిలిచి, ఒక్క దినము తెలుగున ఉచితముగ బోధన జరిపింపవలెను. రుసుముండదు, మధ్యాహ్నము అన్నము పెట్టిన చాలును. రెండవది, ప్రతి కాజ్‌వే రెండు చివరలను, అడుగుల గుర్తులు వేసిన కంబములను నాటి, ఎఱ్ఱగీత పైకి నీరు వచ్చినచో దాటరాదని తమిళముతోపాటు తెలుగునను వ్రాయించుటకు అధికారులకు విన్నపము పంపవలెను. తరగతిలో నేర్చినది పరుగుతొందరలో మరపునకు రావచ్చును. కంబముమీది ఎఱ్ఱగీత మరువదు.

ప్రశ్నకు మా జవాబును ముగింపుగా చెప్పుచున్నాము. బ్రదుకుతెరువునకై నేర్చువాడు మంచి కేంద్రమున సొమ్ము పెట్టవచ్చును, పెట్టవలెను. వేడుకకై నేర్చువాడు తన సొమ్ము పెట్టవచ్చును, అప్పు చేయరాదు. పొలములో నడుపువాడు పొరుగురైతు నడిగి నేర్వవచ్చును, సిగ్గుపడరాదు. ముగ్గురును నేర్వవలసిన మొదటి పాఠమొకటే. ఏరు పొంగినపుడు ఒడ్డున బండి నాపి, ఇంటికి ఫోను చేసి, ‘అమ్మా, ఈ రాత్రి రాను, నీరు తీసినపిమ్మట వచ్చెదను’ అని చెప్పగలుగుట. ఆ మాట చెప్పుటకు రుసుము లేదు. అది వినిన తల్లి నిశ్చింతగా నిద్రపోవును.